పచ్చ వాజ్ ముందు పది నిమిషాలు

చి. అమ్మలూకి మామయ్య ఆశీస్సులు.

నీ మెయిల్ అందింది. బ్రిటిష్ మ్యూజియం 95వ గదిలో, 1327 నాటి చైనా ఆకుపచ్చ వాజ్ (పూలకూజా) ముందు నిలబడి సందర్శకులకు పది నిమిషాలు చెప్పాలని మీ కోర్సు వాళ్లు అన్నారట. "చైనా చరిత్రలో నాకు ఓనమాలు కూడా రావు, టెన్షన్‌గా ఉంది మామయ్యా" అని రాశావు. చరిత్ర మెల్లగా వస్తుందిలే. నీకు దక్కిన వస్తువు మాత్రం చాలా మంచిది. నా సర్వీసంతా మ్యూజియం స్టోర్‌లో పింగాణీ, మట్టిపాత్రల మధ్యే గడిచింది కదా. వాటిలో చాలా మటుకు నోరు విప్పవు. ఎవరు చేశారో, ఎప్పుడు చేశారో, ఎవరికోసం చేశారో ఏమీ తెలియదు. మనమే మట్టి చూసి, పూత చూసి, అలాంటివే ఇంకొన్ని పక్కన పెట్టుకుని ఊహించాలి. నీ వాజ్‌తో ఆ బాధ లేదు. చేసినతను తన పేరు, ఊరు, నెల, సంవత్సరం, ఎందుకు చేశాడో కూడా మట్టి పచ్చిగా ఉన్నప్పుడే దాని మూతి దగ్గర గీసిపెట్టాడు. నువ్వు దానికి అడ్డం రాకుండా ఉంటే సగం పని అదే చేసుకుంటుంది.

అడ్డం రావడం అని ఎందుకన్నానంటే, కొత్తగా మాట్లాడేవాళ్లు వంశాల పేర్లతో మొదలుపెడతారు. సోంగ్, యువాన్, మింగ్, ఫలానా చక్రవర్తి, ఫలానా శతాబ్దం అనేసరికి వినేవాళ్ల చూపులు పక్క బీరువా మీదికి పోతాయి. నువ్వు మట్టితో మొదలుపెట్టు. ఇది ఏ మట్టి, ఎలా కాలింది, ఈ రంగు ఎలా వచ్చింది అనేవి ముందు చెబితే, తర్వాత సంవత్సరం చెప్పినా చెవి ఒగ్గి వింటారు.

పుస్తకాలు తెరిచే ముందు ఒకటి రెండుసార్లు ఊరికే వెళ్లి చూసి రా. ఫోన్ బ్యాగ్‌లో పడేసి, పెన్సిల్, కాగితం తీసుకెళ్లు. బొమ్మ గియ్యి. బొమ్మ బాగా రాకపోయినా ఫర్వాలేదు, ఎవరికీ చూపించక్కర్లేదు. గీస్తూ ఉంటేనే భుజం ఎక్కడ మొదలైందో, మెడ ఎంత పొడుగో, మూతి ఎంత విచ్చుకుందో కంటికి పట్టుబడుతుంది. ఫొటో తీసుకుంటే "తర్వాత చూద్దాంలే" అనుకుంటాం, చూడం.

చూసేటప్పుడు కింది నుంచి పైకి చూడు. అందరి కళ్లూ రంగు మీద పడి అక్కడే ఆగిపోతాయి. నువ్వు మోకాళ్ల మీద కూర్చోవాల్సి వచ్చినా సరే, పాదం అంచు చూడు. షెల్ఫ్ ఎత్తు కుదరక నీ వాజ్‌కి కనిపించకపోతే అదే గదిలో ఉన్న మిగతా లాంగ్‌చ్వాన్ పాత్రలకి చూడు, నీ వాజ్ పుట్టింది ఆ ఊరి కొలుముల్లోనే. గ్లేజ్, అంటే పాత్ర మీది గాజులాంటి పూత, అంటని చోట ఇటుక రంగు తిరిగిన అంచు ఉంటుంది. లోపలి మట్టి బూడిద తెలుపే. కానీ కొలిమి చల్లారేటప్పుడు గ్లేజ్ కప్పని మట్టికి గాలి తగిలి, అందులోని ఇనుము ఎరుపు తిరుగుతుంది. లాంగ్‌చ్వాన్ పాత్రల్ని గుర్తుపట్టడానికి మా తరం మొట్టమొదట చూసింది ఈ అంచునే. నకిలీలు చేసేవాళ్లకి కూడా ఈ సంగతి తెలుసు కాబట్టి అక్కడ రంగు పూసేవాళ్లూ ఉన్నారు, అది వేరే కథ.

నీ వాజ్ స్టోన్‌వేర్. అంటే ఏమిటని ఎవరో ఒకరు అడుగుతారు. మన అమ్మమ్మ ఆవకాయ పెట్టే జాడీ స్టోన్‌వేరే, అదే చెప్పు. నీళ్ల కుండ తక్కువ వేడికే కాలుతుంది. దానికి కంటికి ఆనని రంధ్రాలు ఉండిపోతాయి, నీళ్లు చెమరుస్తాయి, అందుకే చల్లగా ఉంటాయి. స్టోన్‌వేర్ 1200 డిగ్రీల చుట్టుపక్కల వేడి చూస్తుంది. మట్టి లోపల కొంత కరిగి గట్టిగా బిగుసుకుపోతుంది. ఉప్పు, నూనె ఏడాది పొడుగునా నిలవున్నా బయటికి ఊరవు. పోర్సలిన్‌కి ఇంకా తెల్లని మట్టి కావాలి. పల్చగా చేస్తే దాని గుండా దీపం వెలుగు తెలుస్తుంది, జాడీ గుండా తెలియదు. లండన్ వాళ్లకి ఆవకాయ అంటే ఏమిటో కూడా ఒక ముక్క చెప్పు, నష్టం లేదు.

ఇక పచ్చ రంగు. ఇక్కడ నిదానించు. పది నిమిషాల్లో మూడు నిమిషాలు దీనికే ఇచ్చినా తప్పులేదు. ఆ గ్లేజ్‌లో పచ్చ రంగు అంటూ ఎవరూ కలపలేదు. ఉన్నదల్లా కాస్త ఇనుము, నూటికి ఒకటి రెండు పాళ్లు. కొలిమిలోకి గాలి ధారాళంగా వస్తే ఆ ఇనుము పసుపు, గోధుమ రంగుల్లోకి తిరుగుతుంది. గాలి తగ్గించి కట్టెలు ఎక్కువ వేస్తే మంటకి ఆక్సిజన్ చాలదు. చాలనిది గ్లేజ్‌లోని ఇనుము దగ్గర లాక్కుంటుంది. అప్పుడు అదే ఇనుము నీలం కలిసిన పచ్చగా తేలుతుంది. ఎప్పుడు గాలి మూయాలో, ఎంతసేపు మూయాలో కొలిమి దగ్గర నిలబడ్డవాడికే తెలియాలి. థర్మామీటర్ లేదు, లోపలికి చూసే దారీ సరిగ్గా లేదు. మంట రంగు చూసి అంచనా కట్టాలి.

ఆ కొలుముల గురించి రెండు మాటలు. లాంగ్‌చ్వాన్ చైనాలో జెజియాంగ్ రాష్ట్రంలో, దక్షిణాన కొండల మధ్య ఉంది. మట్టి, కట్టెలు, నీళ్లు మూడూ అక్కడే దొరుకుతాయి. కొండ వాలు వెంబడి పొడుగ్గా కట్టిన కొలుముల్ని డ్రాగన్ కొలుములు అంటారు. కొన్ని 50 మీటర్లు దాటి ఉండేవి. కింద మంట పెడితే వేడి వాలు పట్టుకుని పైకి పాకుతుంది. పక్క కన్నాల్లోంచి కట్టెలు వేసుకుంటూ పైకి వెళ్తారు. ఒక్కో విడతకి వేల పాత్రలు కాల్చేవాళ్లు, బూడిద పడకుండా మట్టి డబ్బాల్లో సర్ది. సముద్రం కూడా మరీ దూరం కాదు. నదుల మీదుగా రేవులకి సరుకు దిగేది, అక్కడి నుంచి జపాన్, ఆగ్నేయాసియా, మన దేశం, పర్షియా, తూర్పు ఆఫ్రికా దాకా వెళ్లేది. ఇస్తాంబుల్ టోప్‌కాపి రాజభవనంలో ఈ పచ్చ పాత్రలు వెయ్యికి పైగా ఉన్నాయి. ఆ పని ఇప్పటికీ బతికే ఉంది. ఈ పచ్చ గ్లేజ్ పాత్రల్నే సెలడాన్ అంటారు, లాంగ్‌చ్వాన్ సెలడాన్ కాల్చే విద్యని 2009లో యునెస్కో తన వారసత్వ జాబితాలో చేర్చింది.

మళ్లీ వాజ్ దగ్గరికి రా. ఒంటి మీది పూలతీగని చూడు. ఎత్తుగా ఉన్న చోట గ్లేజ్ జారిపోయి పల్చబడుతుంది, అక్కడ రంగు తేలిక. పల్లంలో గ్లేజ్ నిలుస్తుంది, అక్కడ రంగు చిక్కన. వేరే రంగు ఏదీ వాడకుండానే పువ్వు కనిపిస్తోందంటే కారణం అదే. ఇది సందర్శకులకి వేలితో చూపించగలిగిన విషయం, చూపించు. గాజుకి వేలు తగలనివ్వకు. గదిలో ఉన్న కావలి మనిషి నీ వంకే చూస్తుంటాడు. ఆ పూలు మట్టిలో చెక్కినవా, విడిగా చేసి అతికించినవా అన్నది నువ్వే చూసి తేల్చుకో. చెక్కినదైతే అంచు వెంట కత్తి వాలు కనిపిస్తుంది, అతికించినదైతే పువ్వు నేల నుంచి ఒక్కసారిగా లేస్తుంది. ఇంత పెద్ద వాజ్‌ని సాధారణంగా చక్రం మీద ఒక్క ఊపులో లాగరు. ముక్కలు ముక్కలుగా చేసి, కాస్త ఆరాక పల్చటి మట్టితో అతుకుతారు. వెలుతురు ఏటవాలుగా పడే చోట నిలబడితే కొన్ని పాత్రల మీద ఆ అతుకు చిన్న గట్టులా తెలుస్తుంది.

ఇప్పుడు సంవత్సరం చెప్పు. 1327. నీకు గుర్తుండటానికి ఒక దారి చెబుతాను. 1323లో ఓరుగల్లు పడింది, ప్రతాపరుద్రుడితో కాకతీయుల కథ ముగిసింది. అదే 1323లో చైనా నుంచి జపాన్‌కి బయల్దేరిన ఒక వర్తక నౌక కొరియా తీరంలో, సినాన్ దగ్గర మునిగిపోయింది. సరుకుకి కట్టిన చెక్క చీటీల మీద ఆ ఏడాది రాసి ఉంది. 1970ల్లో దాన్ని కనుక్కుని పైకి తీస్తే 20,000కి పైగా చైనా పింగాణీ పాత్రలు దొరికాయి, అందులో లాంగ్‌చ్వాన్ పచ్చవే ఎక్కువ. ఆ తర్వాత నాలుగేళ్లకి నీ వాజ్ తయారైంది. చైనాని అప్పుడు మంగోల్ వంశం ఏలుతోంది. మన తీరానికీ ఈ వర్తకంతో పని ఉంది. 1244లో గణపతిదేవుడు విదేశీ వర్తకులకి అభయం ఇస్తూ శాసనం వేయించిన మోటుపల్లిలో తవ్వితే చైనా పింగాణీ పెంకులు బయటపడ్డాయి. ఇది నీ సంతోషం కోసం చెప్తున్నాను. ప్రసంగంలో పెట్టాలా వద్దా నీ ఇష్టం, నేనైతే ఒక వాక్యం కంటే ఎక్కువ పెట్టను. ఆ వాజ్ మోటుపల్లి రాలేదు కదా.

అసలు బంగారం ఆ రాతలో ఉంది. చేసినతని పేరు జాంగ్ జిన్‌చెంగ్. లియుషాన్‌లో కుమ్మరి. బుద్ధుణ్ణి, ధర్మాన్ని, సంఘాన్ని నమ్ముకున్న శిష్యుణ్ణని చెప్పుకున్నాడు. పెద్ద పూల వాజ్‌లు జత చేసి, జ్యూలిన్ ఆలయం ధర్మ మందిరంలో బుద్ధుడి ముందు శాశ్వతంగా ఉండేట్టు సమర్పిస్తున్నానని, తన ఇంటిల్లిపాదీ సుఖంగా ఉండాలని కోరుకుంటున్నానని రాశాడు. తైడింగ్ పాలనలో నాలుగో ఏడు, అంటే మన 1327, ఎనిమిదో నెల, మంచి రోజు చూసుకుని. దీన్ని నెమ్మదిగా చదివి ఆగిపో. "ఎంత గొప్ప భక్తి" లాంటి మాటలు తగిలించకు. చైనా పాత్రల మీద రాత ఉంటే చాలాసార్లు అది చక్రవర్తి పాలన పేరో, సమర్పించిన ధనికుడి పేరో అవుతుంది. మట్టి పిసికినవాడే తన పేరు చెప్పుకుని తన ఇంటి కోసం మొక్కుకోవడం అరుదు. అది వినేవాళ్లకి వాళ్లంతట వాళ్లకే తడుతుంది.

నాకైతే ఇది చదివినప్పుడల్లా మన అమరావతి గుర్తొస్తుంది. అమరావతి స్తూపానికి ఒక పూర్ణఘటం చెక్కిన పలక ఇచ్చినవాడు విధికుడనే చర్మకారుడు. తల్లి, భార్య, అన్నదమ్ములు, కొడుకు, కూతుళ్లు అందరితో కలిసి ఇచ్చానని రాయి మీద రాయించాడు. అమరావతి శిల్పాలు నువ్వు మాట్లాడబోయే ఆ భవనంలోనే, 33ఏ గదిలో కొన్ని ఉన్నాయి. నీ పని అయ్యాక ఎవరైనా కబుర్లకి ఆగితే అక్కడికి తీసుకెళ్లి చూపించు.

వాజ్ జతగా చేశానని అతను రాసిన మాట వదిలిపెట్టకు. చైనా గుళ్లలో పీఠం మీద మధ్యన ధూపపాత్ర, దానికి అటూ ఇటూ దీపపు సెమ్మెలు, చివర్లలో వాజ్‌లు పెడతారు. అంటే నువ్వు చూస్తున్నది ఒంటరిగా గాజు వెనక నిలబడటానికి పుట్టింది కాదు. ఎదురుగా, కాస్త కింది నుంచి, దీపం వెలుగులో చూడాల్సిన వస్తువు. సందర్శకుల్ని ఒక అడుగు వెనక్కి జరిగి చూడమను. అంత పెద్ద పూలు ఎందుకో, మెడ అంత ఎత్తు ఎందుకో అప్పుడు తెలుస్తుంది.

ఆ గదిలో నీకు పోటీ ఉంది. నీలం తెలుపుల డేవిడ్ వాజ్‌లు, 1351 నాటివి. ప్రపంచమంతా వాటి ఫొటోలే. నీలం తెలుపు పింగాణీకి తారీఖులు కట్టడానికి పండితులు వాటినే ఆనవాలుగా పెట్టుకున్నారు. అవీ గుడికి ఇచ్చినవే, ఇచ్చినతని పేరు జాంగ్ వెన్‌జిన్. ఇద్దరూ జాంగ్‌లే కదా అని బంధుత్వం అంటగట్టకు, చైనాలో ఆ ఇంటిపేరు కోట్లమందికి ఉంది. జనం అటు చూస్తుంటే ఉడుక్కోకు. వాళ్లని అటు తీసుకెళ్లి, రెండు రాతల మధ్య 24 ఏళ్లు అని చెప్పి వెనక్కి తీసుకురా. అది పోర్సలిన్, ఇది స్టోన్‌వేర్. దాని మీద కుంచె పని కనిపిస్తుంది, దీని మీద కొలిమి పని. నా ఓటు పచ్చదానికే.

విషం సంగతి కచ్చితంగా వస్తుంది. పచ్చ పాత్రలో విషం వేస్తే రంగు మారుతుందని, పగులుతుందని పాత రాజుల నమ్మకం. హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో సెలడాన్ పాత్రల దగ్గర కూడా ఈ కథ చిన్నప్పుడు నువ్వు వినే ఉంటావు. నమ్మేవాళ్లు అని చెప్పు. పనిచేస్తుందని మాత్రం చెప్పకు. ఆ గ్లేజ్ కరిగి గట్టిపడిన గాజు, అన్నంలో ఏం కలిపినా దానికి పట్టదు. నవ్వు పుట్టించడం కోసం మ్యూజియం మనిషి అబద్ధాన్ని నిజంలా చెప్పడం నాకు అసలు నచ్చదు. ఇక్కడ కొందరు గైడ్లు చేసేది అదే.

మీ కాలేజీలో పాత్రలు చేత్తో పట్టుకునే క్లాసు కూడా ఉంటుందన్నావు. దానికి వెళ్లే ముందు ఉంగరాలు, గాజులు, వాచీ తీసెయ్. మెడలో వేలాడే ఐడీ కార్డు చొక్కా లోపల పెట్టు, అది వంగినప్పుడు ఊగి అంచుకి కొడుతుంది. గ్లేజ్ ఉన్న పాత్రకి నూలు గ్లవ్స్ వేసుకోకు, జారుతుంది. శుభ్రంగా కడిగి తుడుచుకున్న చేతులు చాలు, లేదా వాళ్లిచ్చే నైట్రైల్ గ్లవ్స్. బల్ల మీద మెత్తటిది పరిచాకే పాత్ర దింపాలి. ఒక చెయ్యి అడుగున, ఒక చెయ్యి ఒంటికి. మెడ పట్టుకుని, మూతి పట్టుకుని, చెవులు పట్టుకుని ఎత్తొద్దు. ఎందుకంటే పాతవాటిలో మెడ చాలాసార్లు ఎప్పుడో అతికించినదై ఉంటుంది, పైకి తెలియదు. ఒక మ్యూజియంలో ఎవరో పెద్దమనిషికి చూపించాలని ఒకాయన వాజ్‌ని మెడ పట్టి లేపితే మెడ చేతిలోకి వచ్చింది, ఒళ్లు బల్ల మీదే ఉండిపోయింది. బల్ల మీద ఉండబట్టి సరిపోయింది. పాత అతుకులు తెలియాలంటే అల్ట్రావయలెట్ దీపం వేసి చూస్తారు, జిగురు, కొత్త రంగు వేరేగా మెరుస్తాయి. గోటితో కొట్టి శబ్దం విందామనే ఆలోచన ఎవరికైనా వస్తే ఆ పక్కన నిలబడకు.

పగులు రాసేటప్పుడు ఏ పగులో చూసి రాయి. గ్లేజ్‌లో అల్లుకున్న సన్నటి గీతలు దెబ్బ వల్ల వచ్చినవి కావు. చల్లారేటప్పుడు గ్లేజ్ మట్టి కంటే ఎక్కువ కుంచించుకుని చిట్లుతుంది. కొలిమిలోనే మట్టి పగిలి ఉంటే దాని అంచుల మీదికి గ్లేజ్ పారి అంచు గుండ్రంగా మెత్తబడి ఉంటుంది. తర్వాత తగిలిన దెబ్బైతే అంచు పదునుగా, లోపల మట్టి తాజాగా కనిపిస్తుంది. ఈ మూడూ వేరు చేసి రాసినదాన్ని చూస్తే రాసినవాళ్లకి పని తెలుసని వెంటనే అర్థమైపోతుంది. విరిగిన పాత్రంటే చిన్నచూపు కూడా వద్దు. టోక్యో నేషనల్ మ్యూజియంలో ఒక లాంగ్‌చ్వాన్ టీ గిన్నె ఉంది. బీటలు పడితే ఇలాంటిది ఇంకొకటి పంపమని జపాన్ వాళ్లు చైనాకి పంపారట, ఇప్పుడు అలాంటిది చెయ్యలేమని బీటలకి ఇనుప కొక్కేలు కొట్టి అదే తిప్పి పంపారట. ఆ కొక్కేలు మిడతలా కనిపిస్తాయని దానికి ఆ పేరే పెట్టుకుని దాచుకున్నారు.

చివర్లో ధర అడుగుతారు. విసుక్కోకు, మనుషులన్నాక అడుగుతారు. ఒక్క వాజ్‌కి అంకె చెప్పకు, నీ పని కాదు. మొత్తం సేకరణ గురించి చెప్పు. సర్ పర్సివల్ డేవిడ్ 1892లో మన బొంబాయిలో పుట్టాడు. చైనా పింగాణీ మీద పిచ్చితో చైనా భాష నేర్చుకున్నాడు. కూడబెట్టినదాన్ని 1950లో లండన్ యూనివర్సిటీకి ఇచ్చాడు. 2009 నుంచి ఆ సేకరణ ఈ 95వ గదిలో ఉంది. 2024లో సుమారు 1,700 వస్తువుల్నీ మ్యూజియానికి పూర్తిగా ఇచ్చేస్తున్నట్టు ప్రకటించారు, విలువ సుమారు వంద కోట్ల పౌండ్లని పేపర్లన్నీ రాశాయి. బొంబాయి మాట చెబితే మనవాళ్లు ఎవరైనా గుంపులో ఉంటే ముఖం వెలుగుతుంది.

స్క్రిప్ట్ బట్టీ పట్టకు. చిన్న కాగితం మీద మట్టి, మంట, సంవత్సరం, రాత అని రాసుకో, మధ్యలో తప్పిపోతే అది చూసుకో. చైనా పేర్లు ఎలా పలకాలో మీ క్లాసులో చైనా పిల్లలెవరైనా ఉంటే అడుగు, సిగ్గుపడకు. ఎనిమిది నిమిషాలకి ముగించి రెండు నిమిషాలు ప్రశ్నలకి వదిలిపెట్టు. ఆదివారం మాకు సాయంత్రం అయ్యాక ఫోన్ చేసి ఒకసారి నాకు చెప్పి చూపించు. మీ అత్తయ్య గడియారం పట్టుకుని పక్కనే కూర్చుంటానంటోంది, ఆవిడ ఒక్క సెకను కూడా దాటనివ్వదు, జాగ్రత్త.

నీ
మామయ్య